ఆమె రాసిపెట్టిన ‘నేను’

సెలవులకి పోచంపల్లి వెళ్ళిన ప్రతిసారీ మా పెద్దమ్మ నన్ను ఒకే తీరున పలకరిస్తుంది. “ఏమే మిస్సమ్మా, ఎప్పుడొచ్చినవ్?” అంటుంది. ఆ పిలుపులో ప్రేమ ఉంది, ఎత్తిపొడుపూ ఉంది. ముప్ఫై అయిదు దాటాయి, పెళ్ళి చేసుకోలేదు, పట్నంలో ఒక్కతే ఉంటుంది, చదువు చెప్పుకుని బతుకుతోంది, ఎప్పుడు చూసినా ఏదో పుస్తకంలో తల దూర్చి ఉంటుంది - ఇలాంటి ఆడదానికి మా వాడకట్టులో ఉన్న పేరు అదే. మా ఇంట్లో మూడు తరాల్లో ఎవరూ చర్చి గడప తొక్కలేదు. అయినా ఆ మాట మా ఇంటిదాకా వచ్చింది. పెద్దమ్మ అలా అన్నప్పుడు అమ్మ నవ్వదు, కోప్పడదు. అరుగు మీద ఆసు ముందు కూర్చుని దారం పోస్తూనే ఉంటుంది. చేయి మేకుల మీదుగా పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది.

ఈ మిస్సమ్మ ఎవరు? ఎక్కడి నుంచి వచ్చింది? మా పెద్దమ్మ నోట్లో ఆమెకి చోటెలా దొరికింది? కొంత వేళాకోళంగానే మొదలైన ఈ వెతుకులాట చివరికి నా రాతనే నాకు ఎదురుగా నిలబెట్టింది. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

తెల్లవాడు దొర అయితే అతని భార్య దొరసాని. అంతవరకూ మన భాషకి ఇబ్బంది లేదు. కాని పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో ఏ దొరకీ భార్య కాని తెల్ల స్త్రీలు తెలుగు ఊళ్ళలోకి వచ్చారు. వాళ్ళకి తండ్రి వెంట లేడు, మొగుడు లేడు, పిల్లలు లేరు. జీతం ఉంది, బంగళాలో ఒక గది ఉంది, చేతిలో పుస్తకం ఉంది. ఈమెని ఏమని పిలవాలి? ‘మిస్’ అనే ముక్కకి మన ‘అమ్మ’ని తగిలించారు. పెళ్ళి కానిది అని చెప్పే మాటకీ తల్లి అని చెప్పే మాటకీ ముడిపెట్టడంలో మన భాష పడ్డ తికమక అంతా కనిపిస్తుంది. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’ సినిమాతో ఆ మాట ఇంటింటి మాట అయింది. సావిత్రి వేసిన మేరీ చదువుకున్న క్రైస్తవ యువతి. ఉద్యోగం కోసం పెళ్ళయినట్టు నటించాల్సి వస్తుంది. పెళ్ళికాని ఆడదానికి బడిలో ఉద్యోగం దొరకడం ఎంత కష్టమో ఆ సినిమా సరదాగానే చెప్పింది. కాని చివరికి ఏమవుతుంది? మేరీ అసలు మేరీ కాదు, చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు గారి మహాలక్ష్మి అని తేలుతుంది. మిస్సమ్మని మనం ప్రేమించాలంటే ఆమె హిందూ భూస్వామి కూతురైపోవాలన్న మాట. తెర మీద మహాలక్ష్మి మిగిలింది, మిస్సమ్మ మాయమైంది.

చరిత్రలో ఉన్న మిస్సమ్మలు అంత తేలిగ్గా మాయమవరు. వాళ్ళు ఉత్తరాలు రాశారు, నివేదికలు రాశారు, కొందరు పుస్తకాలూ రాశారు. వాటిని చదువుతున్నప్పుడు మొదట నాకు కలిగింది అసూయ. దాచుకోవడమెందుకు? 1880ల్లో అమెరికాలోనో ఇంగ్లండులోనో చదువుకున్న మధ్యతరగతి అమ్మాయికి ఎంత దారి ఉండేది? పెళ్ళి, లేదా బడిపంతులమ్మ పని, లేదా అన్నగారింట్లో పిల్లల్ని చూసుకోవడం. మిషన్ ఆమెకి సముద్రం దాటే అవకాశం ఇచ్చింది. స్త్రీలే చందాలు పోగుచేసి స్త్రీలనే పంపే సంఘాలు అప్పటికి ఏర్పడ్డాయి. బోస్టన్‌లో బాప్టిస్టు స్త్రీల విదేశీ మిషనరీ సంఘం 1871లో మొదలైంది. ఆ చందాలతో వచ్చిన అమ్మాయి ఇక్కడ బడి నడిపేది, గుర్రబ్బండి మీద ఊళ్ళు తిరిగేది, మునిషీ దగ్గర తెలుగు నేర్చుకుని పరీక్ష ఇచ్చేది. వాళ్ళ ఊళ్ళో ఉంటే ఏ స్త్రీకి అంత పెత్తనం దక్కేది?

అయితే ఆ స్వేచ్ఛకి షరతులున్నాయి. దాన్ని స్వేచ్ఛ అనకూడదు, సేవ అనాలి. అది తన కోరిక అని చెప్పకూడదు, దేవుడి పిలుపు అని చెప్పాలి. మిషన్ సమావేశాల్లో నిర్ణయాలు చాలాకాలం మగవాళ్ళవే. మిషనరీ భార్య రాత్రింబగళ్ళు బడి, ఆస్పత్రి, వసతిగృహం చూసుకున్నా ఆమె పని భర్త జీతంలోనే కలిసిపోయేది. ఒంటరి స్త్రీకి జీతం వేరేగా ఉండేది కాని, ఒప్పుకున్న గడువు నిండకుండా పెళ్ళి చేసుకుంటే ప్రయాణపు ఖర్చులు తిరిగి కట్టాలని కొన్ని మిషన్లు పత్రం రాయించుకునేవి. ఇక ఎండలు, జ్వరాలు, ఉత్తరం వెళ్ళి జవాబు రావడానికి నెలలు పట్టే దూరం. ఒకే బంగళాలో ఏళ్ళ తరబడి కలిసి ఉండాల్సిన మరో స్త్రీ తనకి నచ్చినా నచ్చకపోయినా ఆమే దిక్కు.

గుంటూరు అన్నా కూగ్లర్ సంగతే చూడండి. 1879లో ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాల నుంచి పట్టా తీసుకున్న డాక్టరు ఆమె. తెలుగు దేశానికి వైద్యురాలిగా వెళ్తానంటే లూథరన్ బోర్డు మొదట్లో ఒప్పుకోలేదు. ఇళ్ళకి వెళ్ళి స్త్రీలకి చదువు చెప్పే పనికే పంపింది. 1883లో గుంటూరులో దిగింది. మందుల పెట్టె తెచ్చుకున్న మనిషి పలకలు దిద్దించింది, ఆ సందులోనే రోగుల్ని చూసింది. రెండేళ్ళ తర్వాతగాని ఆమెని మెడికల్ మిషనరీగా గుర్తించలేదు. అప్పటినుంచి 1898లో ఆస్పత్రి తెరిచేదాకా నడిచిన కథ మనందరికీ తెలుసు. డాక్టరుని టీచరు చేసిన ఆ రెండేళ్ళ కథే ఎక్కువమందికి తెలియదు. మరో సంగతి కూడా ఉంది. గోమాంసం తినే తెల్ల స్త్రీ అగ్రకులాల ఇళ్ళలో అంటరానిదే. ఆమె వచ్చి వెళ్ళాక కూర్చున్న చోటు కడుక్కునేవారు. పాలకుల రంగు ఒంటి మీద ఉన్నా లోగిలి గడప దగ్గర ఆమెకి కులం తెలిసొచ్చేది. అలా తెలిసొచ్చాక ఎవరి వైపు నిలబడ్డారన్నది ఒక్కొక్కరి కథలో ఒక్కో తీరుగా ఉంటుంది.

మా నల్గొండ సీమకి మిషన్ కాస్త ఆలస్యంగా వచ్చింది. వచ్చిన తీరు కూడా వింతే. జారు చక్రవర్తి ఏలుబడిలోని దక్షిణ రష్యాలో, అంటే ఇప్పటి ఉక్రెయిన్‌లో, జర్మన్ మాట్లాడే మెన్నోనైట్ రైతులుండేవారు. వారిలోంచి అబ్రహాం ఫ్రీసెన్, అతని భార్య మరియా అమెరికన్ బాప్టిస్టుల తరఫున వచ్చి 1890లో నల్గొండలో స్థిరపడ్డారు. మహబూబ్‌నగర్‌లో అమెరికన్ బాప్టిస్టులు 1885 నుంచే ఉన్నారు. ఆ తర్వాత అమెరికా మెన్నోనైట్ బ్రదరెన్ వాళ్ళు నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ ప్రాంతాలకి పాకారు. ఆ చరిత్రలో ‘మిస్’ అన్న అక్షరాల వెనక నిలబడ్డ స్త్రీలు ఎందరో ఉన్నారు. 1898లో నల్గొండకి వచ్చిన అన్నా సుడర్‌మన్ వారిలో ఒకరు. కాతరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో డాక్టరుగా వచ్చి, నాగర్‌కర్నూలులోనూ శంషాబాదులోనూ పనిచేసి, 1945లో శంషాబాదులోనే కన్నుమూసింది. ముప్ఫై ఏడేళ్ళ పైచిలుకు. మా అమ్మమ్మ పుట్టి పెరిగి, పెళ్ళయి, పిల్లల్ని కన్న కాలమంతా ఆ రష్యన్ జర్మన్ అమెరికన్ స్త్రీ మా పక్క తాలూకాల్లో ఆడవాళ్ళ నాడి చూస్తూ ఉందన్న మాట. ‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో వచ్చినప్పుడు, అదే నల్గొండ నేల మీద సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు మొదటిసారి వాళ్ళ గొంతులతోనే విన్నాం. బంగళాలోని స్త్రీనీ దళంలోని స్త్రీనీ ఒక గాటన కట్టడం లేదు. ఇద్దరినీ చరిత్ర నిలబెట్టిన చోటు ఒకటే అంటున్నాను. నాయకుడి పేరు తర్వాత, ‘మరియు’ అన్న మాటకి అవతల.

నన్ను నిలబెట్టి ప్రశ్నించిన స్త్రీ మాత్రం నల్గొండ వైపు రాలేదు. ఆమెది ఒంగోలు. మా పోచంపల్లికి చిటికి కట్టే విద్య 1915 ప్రాంతంలో చీరాల నుంచే వచ్చిందంటారు. నేనూ ఆ దారినే వెనక్కి నడిచి కోస్తాకి చేరాను.

నా డాక్టరేటు తెలుగు స్త్రీల ఆత్మకథల మీద. అందులో ఒక అధ్యాయం కోసం మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద తొలినాళ్ళలో వచ్చిన పరిశోధనలు చూడాల్సి వచ్చింది. 1898లో లండన్‌లో అచ్చయిన ఒక అధ్యయనం కనిపించింది. రచయిత్రి ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ, స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయం డాక్టరేటు పొందిన స్త్రీ. ఆ చివరి ముక్క దగ్గర ఆగిపోయాను. క్లౌ అంటే ఒంగోలు క్లౌ దొరేనా? అవును, ఆయనే. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయని ప్రపంచమంతా చెప్పుకున్న జాన్ ఎవరెట్ క్లౌ. ధాత కరువులో బకింగ్‌హాం కాలువ మూడున్నర మైళ్ళ తవ్వకం కంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి పని చూపించిన మనిషి. స్త్రీల హక్కుల మీద మొదటి గట్టి పుస్తకం రాసిన మనిషిని లోతుగా చదివిన పరిశోధకురాలు ఒంగోలు బంగళాలో కాపురం చేసిందా? మన స్త్రీవాద చరిత్రలో ఈమెని ఎక్కడా చూసిన గుర్తు లేదేం?

ఎమ్మా 1859లో పుట్టింది. తండ్రి జర్మన్ బాప్టిస్టు పండితుడు. తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్ తర్వాతి కాలంలో అమెరికాలో సామాజిక సువార్త ఉద్యమానికి పెద్ద పేరు. 1882లో, ఇరవైమూడేళ్ళ వయసులో, ఎమ్మా పెళ్ళికాని మిషనరీగా తెలుగు దేశానికి వచ్చింది. అప్పట్లో ఒంటరి స్త్రీలకి అప్పగించే పని ఆడపిల్లల బడులు చూడడం, ఇళ్ళకి వెళ్ళి చదువు చెప్పడం. తెలుగు నేర్చుకుంది. కొన్నేళ్ళకి తిరిగి వెళ్ళిపోయింది. తర్వాత ఆమె చేసిన పని అప్పటి మిస్సమ్మల్లో చాలా అరుదు. పై చదువుకి వెళ్ళింది. జర్మన్ విశ్వవిద్యాలయాలు స్త్రీలకి ఇంకా తలుపులు తెరవలేదు. స్విట్జర్లాండు తెరిచింది. అక్కడ వోల్‌స్టన్‌క్రాఫ్ట్‌ని ఎంచుకుంది. ఎంత సాహసమో ఆలోచించండి. వోల్‌స్టన్‌క్రాఫ్ట్ 1797లో పురిట్లో చనిపోతే, మరుసటి ఏడాది ఆమె భర్త గాడ్విన్ ఆమె జీవిత కథ రాశాడు. ప్రేమతోనే రాశాడు. దాపరికం లేకుండా రాశాడు. పెళ్ళికి ముందు ప్రేమలు, బిడ్డ, ఆత్మహత్యా ప్రయత్నాలు అన్నీ బయటపెట్టాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్ళపాటు మర్యాదస్తులు ఆమె పేరెత్తలేదు. సరిగ్గా వందేళ్ళకి, ఒక బాప్టిస్టు మిషనరీ స్త్రీ ఆమెని ఆలోచనాపరురాలిగా చదవాలని పుస్తకం తెచ్చింది.

ఈలోగా ఇంకొకటి జరిగింది. క్లౌ మొదటి భార్య హారియట్ చనిపోయింది. 1894లో ఎమ్మా, తనకన్నా ఇరవై మూడేళ్ళు పెద్దవాడైన క్లౌని పెళ్ళాడింది. మళ్ళీ ఒంగోలు వచ్చింది. ఈసారి మిస్సమ్మగా కాదు, దొరసానిగా. 

1899లో ఆమె రెండో పుస్తకం వచ్చింది. పేరు ‘వైల్ సోయింగ్ శాండల్స్’ - చెప్పులు కుడుతూ కుడుతూ చెప్పుకున్న కథలని అర్థం. మాదిగల గురించి, మాదిగల నోట విని రాసిన పుస్తకం. ఉపశీర్షికలో ‘పరయా తెగ’ అనే మాట ఉంది. ఆ మాట ఇవాళ మనకి ముల్లులా గుచ్చుకుంటుంది. గుచ్చుకోవాలి కూడా. వలస పాలకుల మానవశాస్త్రం మనుషుల్ని తెగలుగా విడదీసి చూసిన చూపు ఈ పుస్తకంలోనూ ఉంది. మతం మారడమే కథకి గమ్యం అన్న నమ్మకమూ ఉంది. అయినా ఆమె చెవి పెట్టి విన్నది. మాదిగలకి మిషన్ రాకముందే ఒక వెతుకులాట ఉందని, గురువులున్నారని, వీరబ్రహ్మం మాట వాళ్ళ దాకా వచ్చిందని ఆమె రాసింది. ఒంగోలు మిషన్‌కి మొదటి పునాది రాయి అనదగ్గ ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వర్తకుడు. క్రైస్తవుడు కాకముందు రాజయోగం దారిలో నడిచినవాడు. ఆ దారి అతనికి బండికట్ల వీరమ్మ అనే స్త్రీ గురువు పరంపర నుంచి అందింది. ఒక్క నిమిషం ఆగి చూడండి. వేలమంది మతం మారిన ఆ పెద్ద కదలికకి వెనకాల, మొదటి అడుగు దగ్గర, ఒక తెలుగు స్త్రీ గురువు ఉంది. పేరయ్యతో పాటు ఆ దారి తొక్కిన అతని భార్య నాగమ్మ ఉంది.

మాతంగి గురించి కూడా ఎమ్మా రాసింది. మాతంగి పెళ్ళి చేసుకోని మాదిగ స్త్రీ. దేవత పూనినప్పుడు అగ్రకులాల మధ్య తిరుగుతూ తిడుతుంది, మీద ఉమ్ముతుంది. ఆ ఒక్క పూట అది మైల కాదు, శుద్ధి. పండగ వెళ్ళిపోయాక ఆమె మళ్ళీ ఊరి బయటే. ఈ పేజీలు చదువుతున్నప్పుడు నాకు మిస్సమ్మే కళ్ళ ముందు మెదిలింది. ఇద్దరికీ మొగుడు లేడు. ఇద్దరికీ మామూలు ఆడవాళ్ళకి లేని చనువు ఉంది. ఇద్దరికీ ఆ చనువు దేవుడి పేరు మీదే దొరికింది. పోలిక అంతవరకే. మిస్సమ్మ వెనక ఒక సామ్రాజ్యం నీడ ఉంది. మాతంగి వెనక ఆకలి ఉంది, దేవత పేరుతో ఆమె శరీరం మీద పెత్తనం చేసే ఊరు ఉంది. ఎమ్మా ఈ పోలిక తీసుకురాలేదు. కాని వోల్‌స్టన్‌క్రాఫ్ట్‌ని చదివిన కళ్ళతోనే మాతంగిని చూసిందని మరిచిపోలేం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. క్లౌ చివరి ఏళ్ళలో ప్రమాదంలో గాయపడి సరిగా నడవలేని స్థితిలో ఉన్నాడు. 1910లో అమెరికాలో చనిపోయాడు. 1914లో ఆయన పేరుతో ఒక పెద్ద పుస్తకం వచ్చింది. ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్ - ఒక మనిషి, ఒక మిషన్, ఒక ఉద్యమం కథ’. పేరు కింద రచయితగా జాన్ ఇ. క్లౌ. దాని కింద, ఆయన కోసం దీన్ని రాసిపెట్టినది ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అని ఉంది.

రాసిపెట్టినది! పుస్తకమంతా ‘నేను’ అనే నడుస్తుంది. నేను ఒంగోలు చేరాను, నేను కాలువ తవ్వించాను, నేను బాప్తిస్మాలు ఇప్పించాను. ఆ ‘నేను’ చనిపోయి నాలుగేళ్ళయింది. రాస్తున్న మనిషి బతికే ఉంది, డాక్టరేటు ఉంది, అప్పటికి రెండు పుస్తకాలున్నాయి. భార్య కథ భర్త రాస్తే ఏమైందో పరిశోధించిన స్త్రీ, భర్త కథని భర్తే అయిపోయి రాసింది.

ఈ పుస్తకంలో ఒక ఘట్టం ఉంది. ఒంగోలులో తొలి రోజులు. అగ్రకులాల పిల్లలు బడికి వస్తున్నారు. మాదిగలు సంఘంలో చేరుతున్నారని తెలిసి పెద్దలు వద్దంటున్నారు. వాళ్ళని తీసుకుంటే మేం రామన్నారు. క్లౌ ఒక గదిలో, హారియట్ మరో గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే తగిలిందట - లోకం నీచంగా చూసేవాళ్ళనే దేవుడు ఎంచుకున్నాడన్న భాగం. దాంతో మాదిగల వైపే నిలబడాలని తేల్చుకున్నారు. అగ్రకులాల పిల్లలు బడి మానేశారు. మిషన్ చరిత్రలో ఎన్నోసార్లు చెప్పుకున్న కథ ఇది. ఈసారి మాత్రం ఎవరు చెబుతున్నారో చూడండి. మొదటి భార్య గదిలో జరిగినదాన్ని, భర్త గొంతుతో, రెండో భార్య చెబుతోంది. ఆ ‘నేను’లో ముగ్గురున్నారు. ముఖపత్రం మీద పెద్దక్షరాలు ఒకరివే.

ఇంకో సంగతి సాహిత్య విద్యార్థిగా చెప్పాలి. 1914 పుస్తకం చెప్పే ముఖ్యమైన వాదం ఏమిటి? ఒంగోలు కదలిక తెల్ల ప్రచారకుడి ప్రతిభ వల్ల వచ్చింది కాదు, మాదిగల ఊరి కట్టు, బంధుత్వాలు, వాళ్ళ సొంత గురు సంప్రదాయం దాన్ని నడిపించాయి అని. ఈ ఆలోచనకి మూలపదార్థమంతా పదిహేనేళ్ళ ముందు ఎమ్మా సొంత పేరుతో వచ్చిన పుస్తకంలో ఉంది. పేరయ్య అక్కడా ఉన్నాడు, ఇక్కడా ఉన్నాడు. నా చదువులో, 1914 నాటి ‘నేను’ అనుభవం క్లౌది, ఆలోచన చాలావరకు ఎమ్మాది. 

ఇంత రాశాక ‘చూశారా, పితృస్వామ్యం ఆమె పేరు మింగేసింది’ అని ముగించడం తేలిక. నేను అలా ముగించలేను. ఎందుకంటే నేనూ రాసిపెట్టాను.

డాక్టరేటు వచ్చిన కొత్తలో ఉద్యోగం లేదు. ఒక పెద్దాయన తన అనుభవాలు పుస్తకంగా తేవాలనుకున్నారు. పేరు అవసరం లేదు. ఆయన మాట్లాడితే రికార్డు చేసుకుని, రాసి ఇవ్వడం నా పని. ఎనిమిది నెలలు చేశాను. నెలకింత అని ఇచ్చారు, మర్యాదగానే చూశారు. పుస్తకం వచ్చింది. ముందుమాట చివర్లో, కాగితాలు సర్దిపెట్టిన అమ్మాయిగా నాకు కృతజ్ఞతలున్నాయి. ఆ రోజు ఏడ్చాను. కాని అంతకన్నా చెప్పడానికి సిగ్గేసే సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఎనిమిది నెలలూ నాకు రాయడం హాయిగా ఉంది. నా పేరుతో రాసేటప్పుడు ప్రతి వాక్యానికీ ‘బహుశా’ తగిలించే నేను, ఆయన ‘నేను’లో దూరాక ఒక్క ‘బహుశా’ లేకుండా రాశాను. తీర్పులు చెప్పాను. జోకులు వేశాను. ఆయన చెప్పని విశ్లేషణలు చేర్చాను, ఆయన చదివి తనవే అనుకున్నారు. మగవాడి ‘నేను’ నాకు ఒక బంగళాలా దొరికింది. అందులో నాకు సొంత హక్కు లేదు కాని చల్లగా ఉంది. ఎమ్మాకీ అలాగే అనిపించి ఉంటుందా? పేరు పోగొట్టుకున్న స్త్రీగా మాత్రమే ఆమెని చూస్తే, ఆ ‘నేను’ చాటున ఆమె తన ఆలోచనని ఎంత దూరం నడిపించిందో చూడలేకపోతామేమో.

అయితే ఇక్కడ మరో మెలిక ఉంది. ఎమ్మాకి రాసిపెట్టిందెవరు? చెప్పులు కుడుతూ కథలు చెప్పిన వాళ్ళు ఎవరు? ఒంగోలు కొండ మీద 1854 జనవరి 1 తెల్లవారుజామున అయిదుగురు ప్రార్థన చేశారని మిషన్ చరిత్రలన్నీ చెబుతాయి. దాన్ని జ్యూయెట్ ప్రార్థన అంటారు. అయిదుగురిలో ముగ్గురు స్త్రీలు - జ్యూయెట్ భార్య, జూలియా, రూతు. జూలియా, రూతు తెలుగువాళ్ళు. వాళ్ళ ఇంటిపేర్లు ఆ కథ వెంట నడవలేదు. బైబిలు స్త్రీలు అని పిలిచే పనివాళ్ళ సంగతీ అంతే. మిస్సమ్మ కంటే ముందు నడిచి, తలుపు తట్టి, పాట ఎత్తుకుని, మిస్సమ్మ తప్పుల తెలుగుని సరిచేసి అవతలివాళ్ళకి అర్థమయ్యేట్టు చెప్పినవాళ్ళు. వాళ్ళు లేకపోతే ఏ మిస్సమ్మా ఏ లోగిలీ దాటేది కాదు. నివేదికల్లో వాళ్ళు చాలాసార్లు అంకెలు: ఇంతమంది బైబిలు స్త్రీలు, ఇన్ని ఇళ్ళు. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ రూతు అనే ముసలామె జ్ఞాపకాల మీదుగా నడవడం, 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ రావడం నాకు ఈ అంకెల నుంచి మనుషుల్ని బయటికి తెచ్చిన పనులుగా కనిపిస్తాయి. పద్మశాలీ వీధిలో పుట్టి, చిన్నప్పుడు మాదిగవాడ వైపు పోకూడదని పెరిగిన నేను, ఎమ్మా తెలుగు స్త్రీల పేర్లు ఎందుకు రాయలేదని నిలదీసే ముందు ఆ వాడలో నాకెన్ని పేర్లు తెలుసో లెక్కపెట్టుకోవాలి. లెక్కపెట్టాను. ఒక చేతి వేళ్ళు కూడా నిండలేదు.

ఇక మా ఇంటికి వస్తాను. చిటికి కట్టాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారపు చట్రానికి వరసగా మేకులుంటాయి. దారాన్ని ఒక్కో మేకు మీదుగా పైకీ కిందికీ తిప్పాలి. ఒక చీరకి తొమ్మిది వేలసార్లు చేయి ఆడాలి. ఈ పని ఆడవాళ్ళది. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేకే ఆలేరు దగ్గరి శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం ఏళ్ళ తరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం చేశాడు. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రానికి లక్ష్మి అన్న పేరే ఉండడం నాకు చాలా ఇష్టమైన సంగతి. మా ఇంట్లోకి యంత్రం వచ్చేసరికి అమ్మ భుజం పాడైపోయింది. ఇప్పటికీ కొద్దిపాటి పోతకి పాత చట్రం ముందే కూర్చుంటుంది. మగ్గం మీద కూర్చునేది నాన్న. ఊళ్ళో, సొసైటీలో, అందరి లెక్కలో నేసింది నాన్నే.

నాలుగేళ్ళ కిందట చేనేత కుటుంబాల వలసల మీద ఒక వ్యాసం రాశాను. భీవండికి, షోలాపూర్‌కి పోయిన మా వాళ్ళ కథలు. అవన్నీ అమ్మ చెప్పినవే. ఆసు పోస్తూ చెప్పింది, నేను రాసుకున్నాను. వ్యాసానికి మంచి పేరొచ్చింది. ఎమ్మా గురించి ఇదంతా రాయడం మొదలుపెట్టాక ఆ వ్యాసం తీసి చూశాను. అమ్మ పేరు లేదు. ఒకచోట ‘పోచంపల్లికి చెందిన ఒక చేనేత స్త్రీ చెప్పిన ప్రకారం’ అని ఉంది. సొంత తల్లి మాటని ఆధారంగా చూపిస్తే పరిశోధన కాదంటారేమోనని భయపడ్డాను. నా ‘నేను’ గట్టిగా నిలబడడానికి ఆమెని ‘ఒక స్త్రీ’ని చేశాను. ఆ పెద్దాయన నన్ను ‘కాగితాలు సర్దిపెట్టిన అమ్మాయి’ అన్నందుకు ఏడ్చినదాన్ని నేనే.

మొన్న దసరాకి వెళ్ళినప్పుడు అమ్మకి ఈ కథ చెప్పాను. ఆమె ఆసు ఆపకుండానే విన్నది.

“గామె పేరేంది?” అంది.

“ఎమ్మా.”

అమ్మ నవ్వింది. “గదేం పేరే? ఏమ్మా అని పిలిచినట్టున్నది.”

పెద్దమ్మ అందుకుంది. “మొగుడు జచ్చినంక మొగుని లెక్క రాసిందా? మరి ఆమె ముచ్చట ఎవలు రాయాలె?”

నేను జవాబు చెప్పలేదు. అమ్మ కాసేపు ఊరుకుని, చేయి ఆపి, నా వైపు చూసింది. “నువ్వు రాస్తున్నవ్ గద. మరి గా భీవండి ముచ్చట్ల నా పేరు పెట్టినవా?”

పెట్టలేదమ్మా అన్నాను. అమ్మ ఇంకేమీ అనలేదు. తెగిన పోగు ముడేసుకుని మళ్ళీ పోయడం మొదలుపెట్టింది. ఆ వ్యాసం వచ్చే ఏడాది నా పుస్తకంలో చేరుతుంది. ఆ వాక్యం మార్చాను. అమ్మ పేరు, పుట్టింటి పేరుతో సహా, వ్యాసం మొదట్లోనే రాశాను.